లెవెల్-2 పరీక్ష గదిలో ఎవరు కూర్చోవాలి? కృష్ణపట్నం పనుల నుంచి ఒక కేసు

ఈ కేసు ఆరుగురు టెక్నీషియన్లది. అందరూ నెల్లూరు జిల్లా కుర్రాళ్లే. ముత్తుకూరు, వెంకటాచలం, పొదలకూరు, మనుబోలు వైపు ఊళ్లవాళ్లు. ఐటీఐ, డిప్లొమా చదివి మా ఇన్‌స్పెక్షన్ కంపెనీలో అల్ట్రాసోనిక్ టెస్టింగ్ (లోహం లోపలి లోపాలను ధ్వని తరంగాలతో పట్టుకునే పని) లెవెల్-1గా, అంటే మొదటి మెట్టులో పనిచేస్తున్నారు. కృష్ణపట్నం వైపు ఒక పవర్ ప్లాంటు షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు) పనికి లెవెల్-2 వాళ్లు, అంటే ఫలితం తేల్చి సంతకం పెట్టగలవాళ్లు కావాలని క్లయింటు అడిగాడు. పని మొదలయ్యేలోపు వీళ్లకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి. కంపెనీలో క్వాలిటీ, సర్టిఫికేషన్ రికార్డులు చూసేది నేను. శిక్షణ అయిపోయింది. ప్రశ్నపత్రాలు చెన్నైలో ఉండే మా లెవెల్-3 (అన్నిటికన్నా పై మెట్టు) సార్ తయారు చేశారు. తేలాల్సింది ఒక్కటే మిగిలింది: రాతపరీక్ష రోజు గదిలో ఇన్విజిలేటర్‌గా ఎవరు కూర్చోవాలి?

చాలా కంపెనీల్లో దీని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించరు. "ఎవరో ఒకరు కూర్చుంటార్లే సార్" అనేస్తారు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ప్రశ్నపత్రం ఎంత బాగున్నా, ఆ రెండు మూడు గంటలు గదిలో ఉన్న మనిషి సరైనవాడు కాకపోతే సర్టిఫికెట్ మీద వేసిన మార్కులకు విలువ లేదు. అందుకే ఎవరెవరి పేర్లు వచ్చాయి, ఎవరిని ఎందుకు వద్దన్నాం, చివరికి ఎవరిని ఒప్పుకున్నాం, తర్వాత ఏం జరిగింది అనేది వివరంగా రాస్తున్నాను. మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు రాయడం లేదు.

అన్నీ ఒకే ఇంట్లో

ఎన్‌డీటీలో, అంటే వస్తువును పాడుచేయకుండా పరీక్షించే మా రంగంలో, సర్టిఫికెట్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి ఐఎస్‌ఓ 9712 దారి. అందులో కంపెనీతో సంబంధం లేని సర్టిఫికేషన్ సంస్థ పరీక్ష పెడుతుంది. ఇన్విజిలేటర్‌కు అధికారం ఇచ్చేది కూడా ఆ సంస్థే. రెండోది అమెరికన్ సొసైటీ ఫర్ నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ 1966లో మొదటిసారి తెచ్చిన ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ దారి. మా ఆరుగురిదీ ఈ రెండో దారే. దీని ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చేది ఉద్యోగం ఇచ్చిన కంపెనీయే. కంపెనీ తన పద్ధతిని రిటెన్ ప్రాక్టీస్ అనే పత్రంలో రాసుకుంటుంది, లెవెల్-3 దాన్ని ఆమోదిస్తాడు, ఆ ప్రకారం పరీక్ష జరుగుతుంది. టెక్నీషియన్ ఆ ఉద్యోగం మానేస్తే సర్టిఫికెట్ చెల్లుబాటు అక్కడితో ఆగిపోతుంది.

పరీక్ష మూడు భాగాలు. జనరల్ (మూలసూత్రాలు), స్పెసిఫిక్ (కోడ్‌లు, ప్రొసీజర్లు), ప్రాక్టికల్ (చేసి చూపించడం). కోడ్ అంటే తయారీ, తనిఖీ నియమాల పుస్తకం. అల్ట్రాసోనిక్ లెవెల్-2కి జనరల్‌లో కనీసం 40 ప్రశ్నలు, స్పెసిఫిక్‌లో కనీసం 20 ఉండాలి. ఏ ఒక్క భాగంలోనూ 70 శాతానికి తగ్గకూడదు, మూడింటి సగటు 80 శాతమైనా రావాలి. రాతపరీక్షల్లో పుస్తకాలు చూడకూడదు. అవసరమైన పట్టికలు, గ్రాఫులు, కోడ్‌లోని భాగాలు మాత్రం గదిలో ఇవ్వొచ్చు. పరీక్ష నిర్వహించే బాధ్యత లెవెల్-3దే. కానీ ఆయన తన తరఫున తగిన మనిషికి ఆ పని అప్పగించవచ్చు. అప్పగించినట్టు రికార్డులో ఉండాలి. మా సార్ చెన్నై నుంచి రావడానికి రోజు కుదరక, ప్రాక్టికల్‌కు మాత్రం తానే వస్తానని, రాతపరీక్షకు మనిషిని చూడమని నాకు చెప్పారు. అలా ఈ పని నా చేతికి వచ్చింది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే జీతం ఇచ్చేది, శిక్షణ ఇప్పించేది, పరీక్ష పెట్టేది, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది, ఆ సర్టిఫికెట్ చూపించి క్లయింటుకు బిల్లు వేసేది అన్నీ ఒకే కంపెనీ. పెళ్లికొడుకు మేనమామే పురోహితుడు, ఆయనే సాక్షి, ఆయనే కట్నం లెక్కపెట్టేవాడు అయినట్టు. ఈ పద్ధతి తప్పని నేను అనడం లేదు. నిజాయితీగా చేస్తే మంచి టెక్నీషియన్లు ఇందులోంచే వస్తారు. కానీ ఇంత దగ్గరితనం ఉన్నచోట, బయటి మనిషి ఒక్కడైనా ఉండే అవకాశం రాతపరీక్ష గదిలోనే ఉంది. దాన్ని కూడా ఇంట్లోవాళ్లకే ఇచ్చేస్తే ఇక మిగిలేది ఏమీ లేదు.

మనుషులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థలు పాటించాల్సిన ఐఎస్‌ఓ/ఐఈసీ 17024 ప్రమాణంలో ఇన్విజిలేటర్ అంటే ఎవరో స్పష్టంగా ఉంది. పరీక్షను నిర్వహించే లేదా పర్యవేక్షించే వ్యక్తి, కానీ అభ్యర్థి సామర్థ్యాన్ని అంచనా వేయని వ్యక్తి. మేము ఆ ప్రమాణం కింద నడిచే సంస్థ కాదు. అయినా ఆ వాక్యం సారాన్ని మా రిటెన్ ప్రాక్టీస్‌లో రాయించాను. చూసేవాడు వేరు, మార్కులు వేసేవాడు వేరు అని అందరికీ ముందే తెలియాలి.

నేను దీన్ని ఎందుకింత పట్టించుకుంటానో కూడా చెప్పాలి. నేలటూరు దగ్గర విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు వచ్చాక ఈ ప్రాంతంలో సూపర్‌క్రిటికల్ బాయిలర్ల మాట కుర్రాళ్లందరికీ తెలిసింది. సూపర్‌క్రిటికల్ అంటే నీరు 221 బార్ పైన ఒత్తిడిలో, 374 డిగ్రీలు దాటిన వేడిలో ఉండటం. అలాంటి లైన్లో ఒక వెల్డ్ లోపల ఫ్యూజన్ (లోహం కరిగి కలిసిపోవడం) సరిగా కాకపోతే పైకి ఏమీ కనిపించదు. ప్రోబ్ (ధ్వనిని లోపలికి పంపే పరికరం) పెట్టిన మనిషి తెర మీద వచ్చిన ఎకోని, అంటే ప్రతిధ్వని గుర్తును చూసి, ఇది జామెట్రీ (జాయింట్ ఆకారం) వల్ల వచ్చిందా, లోపం వల్ల వచ్చిందా అని తేల్చాలి. లెవెల్-2 అంటే ఆ తేల్చే అధికారం ఉన్నవాడు. అతను సంతకం పెట్టిన జాయింట్ పక్కన రేపు ఎవరో ఒక ఫిట్టర్ నిలబడి పనిచేస్తాడు. ఆ ఫిట్టర్‌కు మా పరీక్ష గది గురించి ఏమీ తెలియదు.

వచ్చిన పేర్లు

మొదట ముందుకొచ్చింది శిక్షణ ఇచ్చిన సారే. లెవెల్-2 కోసం 40 గంటల క్లాసు ఆయనే చెప్పారు. మంచి మనిషి, విషయం బాగా తెలిసినవారు. డబ్బు కూడా అక్కర్లేదన్నారు. మా ఆఫీసులో అందరికీ ఇది నచ్చింది. నాకు మాత్రం ఇంతకన్నా కాని మనిషి కనిపించలేదు. ఆయన నిజాయితీ మీద అనుమానంతో కాదు. తను చెప్పిన కుర్రాడు తను చెప్పిన ప్రశ్న దగ్గరే ఆగిపోయి పెన్ను కొరుకుతుంటే ఏ గురువైనా చూస్తూ ఊరుకోవడం కష్టం. నోటితో చెప్పకపోయినా ముఖంలో తెలిసిపోతుంది. "ప్రశ్న ఇంకోసారి చదువు" అని ఆ ఒక్క ప్రశ్న దగ్గరే అంటే అది కూడా జవాబే. పైగా ఎంతమంది నెగ్గితే ఆయన క్లాసుకు అంత పేరు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పదో తరగతి పరీక్షల్లో లెక్కల రోజు లెక్కల టీచర్‌ను ఇన్విజిలేషన్‌కు వేయరు. ఆ టీచర్లు దొంగలని ఎవరూ అనుకోరు కదా. ఇదే మాట సార్‌తో నేరుగా చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "కరెక్టే, నేను ఆ రోజు నెల్లూరులోనే ఉండను" అన్నారు. ఇలాంటి మాట నేరుగా, మర్యాదగా చెబితే పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు. చాటుగా పేరు తీసేస్తేనే నొచ్చుకుంటారు.

ప్రాజెక్ట్ ఇన్‌చార్జి, హెచ్‌ఆర్ పేర్లు కూడా వచ్చాయి. వీటి మీద ఎక్కువ సమయం పెట్టలేదు. షట్‌డౌన్‌కు మనుషుల్ని సర్దాల్సింది వాళ్లే.

క్లయింటు తరఫు క్వాలిటీ ఇంజినీర్‌ను పిలుద్దామని మా యజమాని అన్నారు. "వాళ్ల మనిషే కూర్చుంటే రేపు వాళ్లే ప్రశ్నించరు" అన్నది ఆయన ఆలోచన. వినడానికి బాగుంది. కానీ ఈ ఇంజినీరే రేపు మా కుర్రాళ్ల రిపోర్టులు ఒప్పుకునేవాడు, తిప్పిపంపేవాడు. పరీక్ష గదిలో ఎవడు తడబడ్డాడో ఆయన కళ్లారా చూస్తే, నెగ్గిన తర్వాత కూడా ఆ కుర్రాడి రిపోర్టును మామూలుగా చూడలేడు. ఇంకోటి, షట్‌డౌన్ సమయానికి మనుషులు దొరక్కపోతే ఆయనకూ ఇబ్బందే. క్లయింటు మనిషి పరిశీలకుడిగా వచ్చి చూసి వెళ్లవచ్చు, రికార్డులు అడిగి తీసుకోవచ్చు. గది బాధ్యత మాత్రం ఆయనది కాకూడదు అని చెప్పాను. యజమాని బావమరిది, రిటైరైన బ్యాంకు మేనేజరు, చాలా క్రమశిక్షణ గల మనిషి. ఆయన పేరు కూడా బంధుత్వం దగ్గరే ఆగిపోయింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి పేరు. దశాబ్దాలపాటు పదో తరగతి పరీక్షలు నడిపిన మనిషి. కాపీ కొట్టేవాడిని వెనక బెంచీ నుంచి కూడా పట్టుకోగలరని పేరు. మా కంపెనీతో ఏ సంబంధమూ లేదు. దాదాపు ఖాయం చేసేసే దశలో, ఆరుగురిలో ఎవరైనా మీకు తెలుసా అని అడిగాను. పేర్లు చదివారు. తెలియదన్నారు. ఊళ్లు చెప్పాను. ఒక ఊరి పేరు వినగానే తండ్రి పేరు అడిగారు. చెప్పాను. "ఓ, వాళ్ల నాయన మా చీటీలో ఉన్నాడయ్యా, ఈసారి పాట ఆయనే పాడుకున్నాడు" అన్నారు.

చీటీ అంటే మన దగ్గర ఉత్త డబ్బు లెక్క కాదు. నెల నెలా ఒకే చోట కూర్చుంటారు, ఒకరి కట్టుబాటు మీద ఇంకొకరి డబ్బు ఆధారపడి ఉంటుంది. కొడుక్కి లెవెల్-2 వచ్చి జీతం పెరిగితే తండ్రి వాయిదాలు సక్రమంగా కడతాడు. మాస్టారు అలాంటి లెక్క వేసుకునే మనిషి కాదని నాకు నమ్మకం ఉంది. కానీ రేపు ఎవరైనా ఆ సంగతి బయటపెట్టి అడిగితే, ఆ నమ్మకాన్ని కాగితం మీద చూపించడం నా వల్ల కాదు. ఆయనతో అదే అన్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. నెల్లూరు లాంటి ఊళ్లో ఏ ఇద్దరి మధ్యనైనా ఏదో ఒక దారం ఉంటుంది. ఒకే కాలేజీ, ఒకే వీధి, పెళ్లి సంబంధం, అప్పు, చీటీ. "మీకు తెలుసా?" అని పేర్లు చూపించి అడిగితే ఆ దారం బయటపడదు. ఊరు, తండ్రి పేరు, చదివిన కాలేజీ, ముందు పనిచేసిన చోటు చెప్పి అడగాలి. మాస్టారి దగ్గర జరిగిన ఆ సంభాషణ తర్వాత మా డిక్లరేషన్ ఫారంలో ఈ వరుసలు చేర్చాను.

ఆన్‌లైన్‌లో కెమెరా పెట్టి ఎక్కడో కూర్చున్న ప్రాక్టర్‌తో చేయిద్దామని మా కుర్రాళ్లలో ఒకడు సలహా ఇచ్చాడు. వాళ్ల చెల్లెలు మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఇంట్లోంచే రాసిందట. ఆ పరీక్షకు అది బాగానే సరిపోతుంది. పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతుంది, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకోనిస్తారు, ముఖం, చేతులు, బల్ల కనిపించేలా కెమెరా పెట్టమంటారు, దాని వెనక పెద్ద సంస్థ ఉంటుంది. మాది ఆరుగురు ఒకే గదిలో కాగితం మీద రాసే పరీక్ష. ప్రశ్నపత్రం బయటికి పోతే లెవెల్-3 సార్ మళ్లీ మొదట్నుంచి ప్రశ్నలు తయారు చేసుకోవాలి. కెమెరా కంటే గదిలో మనిషే మేలనిపించింది.

కామర్స్ మేడమ్

చివరికి ఒప్పుకున్నది ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన ఒక మేడమ్‌ను. సొంతూరు ఒంగోలు వైపు. ఉద్యోగం ఎక్కువ కాలం ప్రకాశం జిల్లాలోనే చేశారు, రిటైరయ్యాక పిల్లల దగ్గర నెల్లూరులో ఉంటున్నారు. ఇంటర్ పరీక్షలకు చీఫ్ సూపరింటెండెంట్‌గా చేసిన అనుభవం ఉంది. అల్ట్రాసోనిక్ గురించి ఆమెకు ఏమీ తెలియదు. దాన్ని నేను లోటుగా చూడలేదు. తెలియని మనిషి పొరపాటున కూడా జవాబు చెప్పలేదు.

ఆమె సరైన మనిషి అని నాకు నమ్మకం కలిగింది ఆమె చెప్పిన జవాబుల వల్ల కాదు, ఆమె నన్ను అడిగిన ప్రశ్నల వల్ల. కవరు ఎవరు సీల్ చేస్తారు, సీలు తెరిచేటప్పుడు సాక్షి ఎవరు? ఒకరు బాత్రూమ్‌కు వెళ్తే గదిలో మిగిలినవాళ్లను వదిలి వెంట వెళ్లలేను, బయట ఎవరుంటారు? ఎవరైనా కాపీ కొడుతూ దొరికితే పేపర్ లాక్కోవాలా, రాసుకుని ఊరుకోవాలా? ఆ నిర్ణయం నాదా, మీ సార్‌దా? చివరగా, "నాకిచ్చే డబ్బు ఎప్పుడిస్తారు? ఫలితాలు వచ్చాకా?" అని అడిగారు. ఇన్విజిలేటర్‌ను వెతికే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. ఎదుటివాళ్లు ఇలాంటివి అడగకుండా "మీరు చెప్పినట్టే చేస్తానండీ" అంటే ఆగి ఇంకోసారి ఆలోచించండి.

డబ్బు సంగతి ఇలా తేల్చాం. మొత్తం ముందే ఖాయం, పరీక్ష ముగిసిన రోజే చెల్లింపు, ఎంతమంది నెగ్గారన్నదానితో సంబంధం లేదు. ప్రాజెక్ట్ ఖాతా నుంచి కాకుండా క్వాలిటీ ఖర్చుల కింద రాశాం. షట్‌డౌన్ పనికి వచ్చే డబ్బులోంచే ఆమెకు ఇస్తే, ఆ పని నెగ్గాలని ఆమె కూడా కోరుకోవాలన్నట్టు ఉంటుంది.

డిక్లరేషన్ రెండు వైపులా తీసుకున్నాం. ఆమెకు ఆరుగురి వివరాలిచ్చి అడిగాం, ఆరుగురికీ ఆమె వివరాలిచ్చి విడివిడిగా అడిగాం. రెండోది చాలామంది వదిలేస్తారు. వందలమందికి పాఠం చెప్పిన లెక్చరర్‌కు ఒక విద్యార్థి గుర్తుండకపోవచ్చు, విద్యార్థికి లెక్చరర్ తప్పకుండా గుర్తుంటుంది. ఇక్కడ ఎవరికీ ఎవరూ తెలియదు. లెవెల్-3 సార్ అప్పగింత లేఖ రాసి పంపారు. ఏ తేదీన, ఏ పరీక్షకు, ఎంతవరకు ఆమెకు అధికారం ఉందో అందులో ఉంది. పేపర్లు దిద్దే అధికారం లేదని కూడా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది భాష మీద. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆరుగురిలో నలుగురు తెలుగు మీడియంలో చదివినవాళ్లు. పనిలో గట్టివాళ్లు, బీమ్ ఎటు వెళ్తుందో గాల్లో వేలితో గీసి చూపించగలరు. కానీ ఇంగ్లీషు వాక్యం పొడుగైతే తడబడతారు. మేడమ్‌ను అర్థం చెప్పనిస్తే పరీక్ష పరీక్షలా ఉండదు. చెప్పనివ్వకపోతే మనం కొలిచేది అల్ట్రాసోనిక్ జ్ఞానాన్నా, ఇంగ్లీషునా? లెవెల్-3 సార్‌తో చాలాసేపు మాట్లాడాక ఒక దారి దొరికింది. ప్రశ్నల్లో వచ్చే మామూలు ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలతో ఒక పేజీ ఆయనే తయారు చేశారు. సాంకేతిక పదాలు అందులో లేవు, అవి తెలిసి ఉండటం పరీక్షలో భాగమే. ఆ పేజీ ఆరుగురికీ ఒకేలా, పేపరుతోపాటే ఇచ్చాం. సూచనలు మాత్రం మేడమ్ తెలుగులో చదివి వినిపించవచ్చు, ప్రశ్న మీద ఒక్క మాట కూడా చెప్పకూడదు. షట్‌డౌన్‌కు లెవెల్-2గా వెళ్లినవాడు ఇంగ్లీషు ప్రొసీజర్ చదవాల్సిందే కాబట్టి ప్రశ్నల్నే తెలుగులోకి మార్చడానికి సార్ ఒప్పుకోలేదు. ఈ విషయంలో నాకు ఇంకా కొంచెం అసంతృప్తి ఉంది. ఒక్కో వాక్యాన్ని చిన్నది చేసి రాయడానికి సార్ ఒప్పుకున్నారు, ఈ కేసులో నాకు నిజంగా సంతోషం కలిగించిన మార్పు అది.

పరీక్ష రోజు

ఆదివారం నాడు ఒక ట్యుటోరియల్ గది అద్దెకు తీసుకున్నాం. ఆఫీసులో వద్దన్నది నేనే. గోడల మీద చార్టులు, బల్లల మీద ప్రొసీజర్లు, అటూ ఇటూ తిరిగే మనుషులు. సీల్ చేసిన కవరు మేడమ్ చేతికే ఇచ్చి నేను బయటికి వచ్చేశాను. కంపెనీ జీతం తీసుకునే నేను లోపల ఉంటే, బయటి మనిషిని తెచ్చిన ప్రయోజనం ఉండదు. ఫోన్లు, స్మార్ట్ వాచీలు ఒక పెట్టెలో. సైంటిఫిక్ కాలిక్యులేటర్లు మేమే ఇచ్చాం. స్కిప్ దూరం (ధ్వని లోహం అడుగును తాకి మళ్లీ పైకి వచ్చే దూరం), లోతు లెక్కకు సైన్, కొసైన్ కావాలి. ఎవరివి వాళ్లు తెచ్చుకుంటే మెమరీలో ఏముందో మేడమ్‌కు తెలిసే అవకాశం లేదు. ఉక్కులో ధ్వని వేగాల పట్టిక కూడా ఇచ్చాం. అది బట్టీ పట్టి పరీక్షించాల్సింది కాదు.

లోపల ఏం జరిగిందో నాకు తెలిసింది మేడమ్ రాసిన లాగ్ వల్లే. రెండు పేజీలు, అందమైన చేతిరాత, ప్రతి వాక్యం ముందు టైము.

స్పెసిఫిక్ పేపర్ మధ్యలో ఒక కుర్రాడు లేచి ఒక ప్రశ్నలో 70 డిగ్రీల ప్రోబ్ అని ఇచ్చారు, మందం చూస్తే 60 ఉండాలేమో, తప్పు పడిందా అని అడిగాడు. "నాకు తెలియదు నాయనా. తెలిసినా చెప్పను. నీ అనుమానం రాసిపెడతాను, మీ సార్ చూస్తారు" అన్నారు మేడమ్. లాగ్‌లో ప్రశ్న నంబరు, వాడి మాటలు యథాతథంగా ఉన్నాయి. దిద్దేటప్పుడు సార్ ఆ ప్రశ్న మళ్లీ చూసి సరిగానే ఉందని నిర్ధారించారు. అదే చోట శిక్షకుడు ఉంటే "సరిగానే ఉంది, చెయ్యి" అనేవారు. ఆ మూడు మాటల్లో సగం జవాబు ఉంది.

మరొకటి, ఒకతను కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు. కాసేపు కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, పక్కనున్నవాడి జోడు అడిగాడు. మేడమ్ ఆ జోడు తాను తీసుకుని, చూసి, తుడిచి, తనే తీసుకెళ్లి ఇచ్చారు. లాగ్‌లో రాశారు. ఆ వాక్యం చదివాక నేను అతని కంటిపరీక్ష రికార్డు తీశాను. ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ ప్రకారం ఏడాదికోసారి దగ్గరి చూపు పరీక్ష ఉండాలి, 12 అంగుళాల దూరంలో జేగర్ నంబర్ 2 అక్షరాలు చదవగలగాలి. జోడుతో చదవగలడని రికార్డులో ఉంది. సైట్‌లో జోడు పెట్టుకుంటున్నాడా అన్నది ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి అతని జాబ్ కార్డు మీద జోడు తప్పనిసరి అని రాయించాం. మార్కుల కాగితం ఈ సంగతి ఎప్పటికీ చెప్పేది కాదు.

మూడో సంగతి నన్ను కొంచెం కలవరపెట్టింది. సైట్‌లో ఒక జాయింట్ ఆగిపోయిందని, ఇద్దరిని త్వరగా పంపమని ప్రాజెక్ట్ ఇన్‌చార్జి డ్రైవర్‌ను నేరుగా గది తలుపు దగ్గరికే పంపించాడు. నేను కింద ఉన్నాను, నాకు తెలియదు. మేడమ్ డ్రైవర్‌తో అన్న మాట లాగ్‌లో ఉంది: "పేపర్ ఇచ్చేసి వెళ్లాలనుకుంటే వాళ్ల ఇష్టం. తొందరపెట్టే మాట నేను లోపల చెప్పను, మీరూ లోపలికి రాకూడదు." తలుపు వేసేశారు. లోపలివాళ్లకు ఆ సంగతి పరీక్ష అయ్యాకే తెలిసింది. హెచ్‌ఆర్ మనిషో, మా ఆఫీసు అసిస్టెంటో ఆ కుర్చీలో ఉంటే ఇన్‌చార్జి మాట కాదనగలిగేవాళ్లా? నాకు నమ్మకం లేదు. సోమవారం పొద్దున మళ్లీ ఆయన మొహం చూడాల్సినవాళ్లు వాళ్లు.

మార్కులు వచ్చాక

ప్రాక్టికల్ కూడా అయ్యాక నలుగురు నెగ్గారు. ఒకతనికి సగటే చాలలేదు. ఇంకొకతనిది వేరు. జనరల్ 90, ప్రాక్టికల్ 88, స్పెసిఫిక్ 65. సగటు 81, కానీ స్పెసిఫిక్‌లో 70 రాలేదు. ఇరవై ప్రశ్నల్లో పదమూడు, ఇంకొక్కటి చేసి ఉంటే అయిపోయేది. షట్‌డౌన్‌కు ఇన్‌చార్జి అందరికన్నా ఎక్కువగా ఆశ పెట్టుకున్నది ఇతని మీదే.

"ఒక్క ప్రశ్న కోసం ఏంది సార్ ఇది? ఆ మేడమ్ గదిలో అంత గట్టిగా ఉండబట్టే వీడు టెన్షన్ పడ్డాడు" అన్నాడు ఇన్‌చార్జి. నేను లాగ్ తెచ్చి ముందు పెట్టాను. ఆ కుర్రాడి గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం, ఇంకా టైముండగానే పేపర్ ఇచ్చి వెళ్లాడని. అతన్నే పిలిచి అడిగాను. "గదిలో ఏ ఇబ్బందీ లేదు సార్. కోడ్ ప్రశ్నలు నేనే సరిగా చదవలేదు" అన్నాడు. మాట అక్కడితో ఆగింది. ప్రమాణం ప్రకారం కనీసం 30 రోజులు ఆగాలి, లేదా లెవెల్-3 తగినదని చెప్పిన అదనపు శిక్షణ తీసుకోవాలి, ఆ తర్వాతే మళ్లీ పరీక్ష. శిక్షణ దారి తీసుకున్నాం. షట్‌డౌన్ మొదటి దశకు నలుగురితోనే వెళ్లాం. బయటి నుంచి ఒక లెవెల్-2ను తెచ్చుకోవడానికి కంపెనీకి ఖర్చయింది. ఆ ఖర్చు నాకు సమంజసంగానే అనిపించింది.

క్లయింటు తరఫు ఆడిటర్ వచ్చినప్పుడు సర్టిఫికెట్లు పైపైన చూసి, నేరుగా రాతపరీక్ష ఫైల్ అడిగారు. అప్పగింత లేఖ, రెండు వైపుల డిక్లరేషన్లు, సీటింగ్ ప్లాన్, లాగ్ ఒక్కొక్కటే చదివారు. డ్రైవర్ సంగతి దగ్గర ఆగి, "ఇది కూడా రాశారా" అన్నారు. ఇన్విజిలేటర్‌కు డబ్బు ఏ ఖాతా నుంచి ఇచ్చారని అడిగారు. చూపించాను. ఆరుగురిలో ఇద్దరు తప్పినట్టు ఉన్న ఫలితాల పట్టిక చూశాక ఇంకేమీ అడగలేదు.

మళ్లీ పరీక్షకు కూడా మేడమ్‌నే పిలుద్దామనుకున్నాం. తేదీ చెప్పడానికి నేను ఫోన్ చేసేలోపే ఆమె ఫోన్ వచ్చింది. తప్పిన కుర్రాడు ఎలాగో ఇల్లు కనుక్కుని, పళ్లు తీసుకుని వెళ్లాడట. సిఫార్సు కోసం కాదు, ఆ రోజు పేపర్ ముందే ఇచ్చేసి పొరపాటు చేశానని, ఈసారి పూర్తి టైము కూర్చుంటానని చెప్పడానికి. "మంచి పిల్లవాడు. పళ్లు తీసుకోలేదు, మంచినీళ్లిచ్చి పంపించాను. కానీ ఇప్పుడు వాడు నాకు తెలిసినవాడైపోయాడు. ఇక ఆ పరీక్షకు నేను కూర్చోకూడదు, ఇంకొకరిని చూసుకోండి" అన్నారు.

మాకు రెండో మనిషి సిద్ధంగా లేరు. శిక్షణ అప్పటికే పూర్తయినా, మనిషి దొరికేదాకా పరీక్ష తేదీ జరపాల్సి వచ్చింది. ఒంగోలులో రిటైరైన ఒక లైబ్రేరియన్ ఒప్పుకున్నారు. అవే ప్రశ్నలు, అదే డిక్లరేషన్, ఆయన రానుపోను ఖర్చు విడిగా. ఇప్పుడు మా రిటెన్ ప్రాక్టీస్‌లో ఇన్విజిలేటర్ల జాబితా అని ఒక పేజీ ఉంది. అందులో ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా పేర్లు ఉండాలని, ఫలితాలు వచ్చాక అభ్యర్థి ఎవరైనా ఇన్విజిలేటర్‌ను కలిస్తే ఆ మాట ఇద్దరిలో ఎవరో ఒకరు రాసి ఇవ్వాలని చేర్చాం. పరీక్షకు ముందు అభ్యర్థులకు చదివి వినిపించే సూచనల్లో కూడా ఆ చివరి మాట తెలుగులోనే పెట్టాం.